పిస్టల్ సైట్ మార్చడం లేతు షెడ్డు పని కాదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. నేను సైన్యంలో యంత్రాలు, ఆయుధాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, ఇరవై నాలుగేళ్లు పనిచేశాను. మాది గిద్దలూరు దగ్గర పల్లె. ఉద్యోగ విరమణ తరువాత పిల్లల చదువుల కోసం ఒంగోలు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. బంధువులలోను, తెలిసినవారిలోను లైసెన్సు తుపాకి ఉన్నవారు ఏ చిన్న ఇబ్బంది వచ్చినా ముందు నా దగ్గరకే వస్తారు. వచ్చినవారందరికీ నేను చెప్పే మాట ఒకటే: చూసి చెప్పగలను గాని పనిముట్టు పట్టుకోను, ఎందుకంటే మరమ్మతు లైసెన్సు నాకు లేదు. ఈ మాటకు కొందరు నొచ్చుకున్నారు కూడా. అయినా మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి తరువాత, పిస్టల్ సైట్ (గురి చూసుకోవడానికి తుపాకి పైన ఉండే చిన్న భాగం) విషయంలో యజమాని ఎంతవరకు చేయవచ్చు, ఎక్కడ ఆగి గన్‌స్మిత్ (లైసెన్సుతో తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గరకు వెళ్లాలి అన్నది మన ప్రకాశం, నెల్లూరు రెండు జిల్లాల లైసెన్సుదారులకు వివరంగా చెప్పడం నా బాధ్యత అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మేనల్లుడు చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేస్తాడు. కూలీల బట్వాడాకు నగదు తీసుకెళ్లవలసి రావడం వల్ల చాలా ఏళ్ల కిందట పాయింట్ 32 పిస్టల్‌కు లైసెన్సు తీసుకున్నాడు. 2024 మే 13న జరిగిన ఎన్నికలకు ముందు దాన్ని డిపాజిట్ చేసి, కోడ్ ఎత్తివేశాక తెచ్చుకుని బీరువాలో పెట్టాడు. తరువాత కొన్నాళ్లకు అనుమతి ఉన్న ఒక రేంజికి వెళ్లి కాల్చి చూస్తే, 15 మీటర్ల దూరంలో తూటాలన్నీ గురి పెట్టిన చోటుకు ఎడమగా, సుమారు 10 సెంటీమీటర్లు కిందుగా పడ్డాయి. వయసు యాభై దాటింది, సైట్ కూడా మసకగా కనబడుతున్నది. దాంతో సైటే చెడిపోయిందని తేల్చుకుని, తెల్ల చుక్కలున్న కొత్త బ్యాక్‌సైట్ (కంటి వైపు ఉండే సైట్) ఒకటి తెప్పించాడు. "మామా, రెండు సుత్తి దెబ్బల పనే గదా, లేతు షెడ్డులో మనకు తెలిసిన కుర్రాడున్నాడు, పది నిమిషాల్లో మార్చి ఇస్తాడంట" అని నాకు ఫోన్ చేశాడు. వద్దని గట్టిగా చెప్పాను. నాకు ఫోన్ చేసేటప్పటికే పని అయిపోయిందని తరువాత తెలిసింది. ఆ వారమే మళ్లీ రేంజికి వెళితే, మూడో రౌండుకు బ్యాక్‌సైట్ పక్కకు జారి నేల మీద పడింది. అప్పుడు తెచ్చి నా ముందు పెట్టాడు.

మ్యాగజైన్ తీయించి, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు భాగం) వెనక్కి లాగించి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉన్నదని అతనూ నేనూ కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్న తరువాత ఆ స్లైడ్‌ను కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. రెండు పక్కలా వైస్ దవడల పళ్లు దిగిన గీతలు ఉన్నాయి. తోలు ముక్క గాని చెక్క గాని అడ్డం పెట్టకుండా బిగించారన్నమాట. ఇత్తడి పంచ్ వాడవలసిన చోట ఉక్కు పంచ్ వాడడం వల్ల పాత సైట్ అంచు చిట్లి, స్లైడ్ మీద సైట్ కూర్చునే గాడి పెదవి పైకి లేచి గోటికి గరుకుగా తగులుతున్నది. కొత్త సైట్ అడుగు భాగం గాడి కన్నా సన్నమైనది కావడంతో అది బిగువుగా కూర్చోలేదు. దాన్ని నిలబెట్టడానికి గాడి అంచు మీద సెంటర్ పంచ్‌తో మూడు చుక్కలు కొట్టి, చుట్టూ జిగురు పోశారు. ఆ కుర్రవాడిని నేను తప్పుపట్టను. మోటారు షాఫ్టుకు బుష్షు వేసే పనిలో అతను నేర్పరి కావచ్చు. అతని చేతికి ఆ వస్తువు వెళ్లడమే తప్పు.

ఇది చిన్న పనిగా కనబడడానికి కారణం సైట్ చిన్న వస్తువు కావడమే. సైన్యంలో మేము గొట్టం కొసన ఉండేదాన్ని ఫోర్‌సైట్ అని, కంటికి దగ్గరగా ఉండేదాన్ని బ్యాక్‌సైట్ అని అనేవాళ్లం. బ్యాక్‌సైట్ నెర్రెలో ఫోర్‌సైట్ మధ్యగా, పై అంచులు సమంగా కనబడినప్పుడు గురి కుదిరినట్టు. చేతి పిస్టల్‌లో ఈ రెంటి మధ్య దూరం సుమారు 150 మిల్లీమీటర్లు అనుకుందాం. లక్ష్యం 15 మీటర్లలో ఉంటే ఆ దూరం దీనికి సరిగ్గా నూరు రెట్లు. అంటే సైట్ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే తూటా 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది, మిల్లీమీటరులో పదో వంతు జరిగితే ఒక సెంటీమీటరు పోతుంది. మీ పత్రిక అచ్చయ్యే కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అంత సన్నని తేడా చూడవలసిన పనిని సుత్తితో అంచనాగా కొట్టి ముగించడం ఎంత ప్రమాదమో చదువరులు ఈ లెక్కను బట్టి ఊహించుకోవచ్చు.

అసలు సైట్ మార్చాలా వద్దా అన్న ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు గనుక ఆ విషయం కొంచెం విస్తరించి చెబుతాను. కుడిచేతి వాటం ఉన్నవారు ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కకుండా చటుక్కున గుంజితే, లేక పేలుడు రాబోతున్నదని మణికట్టును ముందుగానే బిగిస్తే, తూటాలు కిందికి ఎడమకు పడతాయి. ఇది ప్రపంచమంతటా ఏ రేంజిలోనైనా శిక్షకులు మొదట చూసే దోషం. కాబట్టి తూటా పక్కకు పోతున్నదని అనుమానం వచ్చినప్పుడు ఇసుక సంచి మీద చేయి ఆనించి ఐదు రౌండ్లు నిదానంగా కాల్చాలి. రేంజిలో చేయి తిరిగినవారు ఎవరైనా ఉంటే, అక్కడి నియమాల ప్రకారం వారి చేత కూడా ఐదు కాల్పించాలి. ఇద్దరి గ్రూపులూ (తూటాలు పడిన గుంపులు) ఒకే చోట పడితే అప్పుడు తుపాకిని అనుమానించాలి. వేర్వేరు చోట్ల పడితే మార్చుకోవలసింది మన చేతి తీరు. ఐదు తూటాలు ఐదు మూలలకు చెదిరితే సైట్ జరిపినందువల్ల ఫలితం ఉండదు. ముందు గ్రూపు కుదరాలి, ఆ తరువాతే జీరోయింగ్, అంటే ఆ గ్రూపు గురి పెట్టిన చోట పడేలా సైట్ సర్దడం.

తూటా సంగతి కూడా ఉంది. ఒకే పిస్టల్‌లో బరువైన తూటా కొంచెం నిదానంగా గొట్టం దాటుతుంది, ఆ లోపల వెనుకదెబ్బకు గొట్టం కొస పైకి లేస్తుంది, అందువల్ల దగ్గరి దూరాలలో బరువైన తూటా తేలిక తూటా కన్నా పైన తగలడం మామూలు. తూటాల డబ్బా మారిందేమో చూసుకోకుండా సైట్‌ను ఆకురాయితో రాసేయకూడదు. ఇక నలభై, యాభై ఏళ్లు దాటినవారు ముందు కళ్ల డాక్టరును కలవాలి. గురి చూసేటప్పుడు కన్ను నిలపవలసింది ఫోర్‌సైట్ మీద. చేయి చాచినంత దూరంలో ఉన్న ఆ ఇనుప ముక్క మసకబారితే తప్పు ఇనుముది కాకపోవచ్చు. మా మేనల్లుడికి ఆ దూరానికి సరిపోయే అద్దాలు పెట్టుకున్నాక పాత నల్ల ఫోర్‌సైటే స్పష్టంగా కనబడుతున్నది.

యజమాని తన ఇంట్లో చేసుకోదగ్గ పని కొంత ఉంది. తుపాకి ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకున్నాక, సైట్ కదులుతున్నదా అని వేలితో నొక్కి చూడవచ్చు. సైట్ అంచుకూ స్లైడ్‌కూ కలిపి సన్నని గీత ఒకటి పెన్నుతో గీసుకుంటే అది జరిగినప్పుడు వెంటనే తెలుస్తుంది. సముద్రపు గాలి తగిలే మన కావలి, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో చిన్న స్క్రూల తలలు త్వరగా తుప్పు పడతాయి గనుక, తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలేయకుండా తుడిచి, పలుచగా నూనె పట్టించాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. సర్దుబాటు స్క్రూలున్న బ్యాక్‌సైట్ అయితే, తయారీదారు ఇచ్చిన పుస్తకం ప్రకారం సరైన కొలత స్క్రూడ్రైవర్‌తో తిప్పుకోవచ్చు. తూటా ఏ వైపు వెళ్లాలో బ్యాక్‌సైట్‌ను ఆ వైపే జరపాలి, ఫోర్‌సైట్‌ను మాత్రం దానికి ఎదురు వైపు జరపాలి. తూటా పైకి రావాలంటే బ్యాక్‌సైట్ ఎత్తు పెరగాలి లేదా ఫోర్‌సైట్ ఎత్తు తగ్గాలి. ఒక్క సూత్రం గుర్తుంటే చాలు గాని, ఆత్రంలో తిరగేసి చేసినవారిని నేను చాలామందిని చూశాను. అంతకు మించి ఊడదీయడం, కొట్టడం, రాయడం, రంధ్రం వేయడం అన్నవి ఏవీ యజమాని పనులు కావు.

ఎందుకు కావో చెబుతాను. ఎక్కువ పిస్టళ్లలో సైట్ కూర్చునే గాడి అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటుంది. వడ్రంగులు డవ్‌టైల్ అనే అతుకు ఇదే. సాధారణంగా సైట్‌ను ఎడమ నుంచి కుడికి తీసి, కుడి నుంచి ఎడమకు ఎక్కిస్తారు. కొన్ని తయారీలలో ఇది తారుమారుగా ఉంటుంది, తెలియక ఎదురు కొడితే గాడి పాడవుతుంది. కొత్త సైట్ వేలితో నెడితే మూడో వంతు వరకు వెళ్లి ఆగాలి, మిగతాది స్క్రూతో నెట్టే పనిముట్టుతోనో, మెత్తని పంచ్ మీద చిన్న దెబ్బలతోనో వెళ్లాలి. అలా పోకపోతే రాయవలసింది సైట్ అడుగును, స్లైడ్‌ను ఎన్నడూ కాదు. పొరపాటు జరిగితే సైట్ పోతుంది, మరొకటి దొరుకుతుంది. స్లైడ్ తుపాకి ప్రాణం. గన్‌స్మిత్ ఇందుకు వాడే మూడంచుల ఆకురాయికి ఒక పక్క పళ్లు ఉండవు. గాడి వాలుకు ఆనుకుని నడిచేటప్పుడు ఆ నున్నటి పక్క ఏ లోహాన్నీ తినకుండా, అవతలి పక్క మాత్రమే కోస్తుంది. రెండు మూడు రాపిళ్లకు ఒకసారి ఆపి, సైట్ పెట్టి చూసి, మళ్లీ తీసి రాస్తాడు. గంట పట్టే పని అది. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు మా హవల్దారు నా చేత పనికిరాని ఇనుప ముక్కల మీద నెలల తరబడి ఈ ఒక్క గాడే కోయించి, రాయించి, కాగితం పట్టేంత సందు కనబడినా పక్కన పారేయించేవారు. ఆయన కాఠిన్యం విలువ ఆ రోజు గోటికి తగిలిన గరుకు చూసినప్పుడు నాకు మళ్లీ తెలిసింది.

ఇంకా కొన్ని ఉన్నాయి. కొన్ని ఆధునిక పిస్టళ్లలో బ్యాక్‌సైట్ కిందనే ఫైరింగ్ పిన్‌ను (తూటాను పేల్చే సూదిని) అడ్డగించే సేఫ్టీ తాలూకు చిన్న స్ప్రింగు దాగి ఉంటుంది. సైట్ జారగానే అది ఎగిరి ఏ మూలకో పోతుంది. అది లేకుండా తిరిగి బిగించిన పిస్టల్ కింద పడితే ఏమవుతుందో నేను చెప్పనవసరం లేదు. పాతకాలపు 1911 తరహా పిస్టళ్లలో ఫోర్‌సైట్ కాడను స్లైడ్ రంధ్రంలోకి దించి లోపలి వైపు నుంచి కొట్టి పరుస్తారు, దానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. మామూలు రివాల్వర్లలో ఫోర్‌సైట్ గొట్టంతో కలిసే ఉంటుంది, బ్యాక్‌సైట్ అంటే ఫ్రేము మీద కోసిన గాడి మాత్రమే, కాబట్టి వాటిలో మార్చడానికి విడి భాగమే లేదు. ఫోర్‌సైట్‌ను కొంచెం రాస్తే తూటా పైకి వస్తుంది, కాని ఒకసారి రాలిన ఇనుప రజను మళ్లీ అతుక్కోదు. అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపే రెడ్ డాట్ సైట్ కోసం స్లైడ్ మీద చదును కోసి మరలు వేయడమంటే అది పూర్తిగా మిల్లింగ్ యంత్రం మీద నిపుణుడు చేయవలసిన పని. స్క్రూకు పెట్టే గట్టి ఎర్ర రకం లాక్ ద్రవం వేడి చేస్తే గాని వదలదు. ఆ సంగతి తెలియక బలవంతంగా తిప్పితే స్క్రూ తల తెగుతుంది, గ్యాస్ మంట పెడితే ఉక్కు పదును పోతుంది. విప్పవలసి వచ్చే చోట నీలం రకం చాలు.

చట్టం మాట. 1959 నాటి ఆయుధ చట్టం సెక్షన్ 5 ప్రకారం ఆయుధాన్ని అమ్మడానికి, తయారు చేయడానికే కాదు, మరమ్మతు చేయడానికి, పరీక్షించడానికి కూడా లైసెన్సు ఉండాలి. సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేనివారి దగ్గర తుపాకి ఉండడమే నేరం. అంటే మన తుపాకిని షెడ్డులో వదిలి టీ తాగి వచ్చేలోపల ఆ కుర్రవాడు నేరస్థుడవుతాడు, అప్పగించిన మనమూ అవుతాము. 2019 సవరణ తరువాత సెక్షన్ 5 ఉల్లంఘనకు కనీస శిక్ష ఏడేళ్లు. అదే సెక్షన్ 3లో ఒక వెసులుబాటు కూడా ఉందని చాలామందికి తెలియదు: లైసెన్సుదారు స్వయంగా వెంట ఉంటే, లేదా రాతపూర్వకంగా అధికారం ఇస్తే, లైసెన్సు లేని వ్యక్తి కూడా మరమ్మతు కోసం ఆయుధాన్ని తీసుకువెళ్లవచ్చు. ముసలివారికి, జబ్బుపడినవారికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. తీసుకువెళ్లే ముందు లైసెన్సు పుస్తకంలో అది చెల్లుబాటయ్యే ప్రాంతం ఏమని రాసి ఉన్నదో తప్పక చూడాలి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉన్నవారు నెల్లూరు నుంచి దగ్గర గదా అని చెన్నైకి తీసుకుపోకూడదు. మరమ్మతుదారు లైసెన్సు గోడకు ఉన్నదో లేదో చూసి, తుపాకి నంబరు రాసిన రసీదు అడిగి తీసుకోవాలి. మెరుగు పెట్టిస్తామని స్లైడ్‌ను బఫింగ్ చక్రం మీద పెట్టనివ్వకూడదు. నంబరు చెరిగిందంటే అదొక వేరే నేరం.

పిల్లల ఎయిర్ పిస్టళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2024లో ప్యారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మరో కాంస్యం గెలిచిన తరువాత మన ఊళ్లలో పిల్లలకు ఈ ఆట మీద మక్కువ పెరిగింది. నెల్లూరులో చదువుకుంటున్న మా మనవరాలు కూడా నేర్చుకుంటున్నది. అదే మను భాకర్ 2021లో టోక్యోలో పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోగొట్టుకుని ఫైనల్‌కు చేరలేకపోయింది, తుపాకి స్థితి ఎంత ముఖ్యమో చెప్పడానికి అది చాలు. 4.5 మిల్లీమీటర్ల పోటీ ఎయిర్ పిస్టల్‌లో సైట్ సర్దుబాటు ఆటగాళ్లే చేసుకునేలా ఉంటుంది, ఫోర్‌సైట్ రేకు మందం మార్చుకోవడం కూడా సులువే. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు మాత్రమే గనుక ఒక్కొక్క క్లిక్కు లెక్కలోకి వస్తుంది. మా పాప ఒకసారి తూటాలు పైన పడుతున్నాయని స్క్రూ తిప్పినకొద్దీ ఇంకా పైకి పోయి ఏడుపు ముఖంతో ఫోన్ చేసింది. జర్మన్ తయారీ పిస్టళ్లు కొన్నింటి మీద ఉండే హెచ్, టి అక్షరాలు తూటాను ఎటు పంపాలో చెప్పవు, తూటా ఇప్పుడు ఎటు పడుతున్నదో చెబుతాయి. పైన పడుతుంటే హెచ్ వైపు తిప్పాలి, కింద పడుతుంటే టి వైపు. ఆ సంగతి వివరించాక రెండు నిమిషాల్లో సరిచేసుకుంది. ఆ పిస్టళ్ల ట్రిగ్గర్, గాలి సిలిండర్, సీళ్ల జోలికి మాత్రం శిక్షకుడికి చెప్పకుండా తల్లిదండ్రులు పోకూడదు.

మా మేనల్లుడి పిస్టల్‌ను చివరికి లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ బాగుచేశారు. లేచిన గాడి పెదవిని సరిచేసి, పాత సైట్ ఎత్తే ఉన్న మరొక సైట్‌ను, అడుగు కొంచెం పెద్దదిగా ఉన్నదాన్ని, గాడికి తగ్గట్టు రాసి, పాత గుర్తు దగ్గరే కూర్చోబెట్టడానికి మూడు వారాలు పట్టింది. పరీక్షగా ఆయన కాల్చినప్పుడు ఐదు తూటాలూ గురి పెట్టిన చోటనే పడ్డాయి. అదే పిస్టల్‌తో మా మేనల్లుడు కాలిస్తే మళ్లీ ఎడమకు, కిందికే పడ్డాయి. ఇప్పుడతను తూటా లేకుండా, గోడ మీద చుక్క పెట్టుకుని, స్నాప్ క్యాప్ (మందులేని ఉత్తుత్తి తూటా) వేసి రోజూ పావుగంట ట్రిగ్గర్ నొక్కడం సాధన చేస్తున్నాడు.

ఈ సందర్భంగా రెండు జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. మరమ్మతు లైసెన్సు ఉన్నవారి పేర్లు, చిరునామాలు కలెక్టరేట్ ఆయుధ విభాగం నోటీసు బోర్డు మీద పెట్టించి, లైసెన్సు పునరుద్ధరణకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ జాబితా ప్రతి ఒకటి ఇప్పించగలరు. ఎన్నికలప్పుడు ఆయుధాలు డిపాజిట్ చేసే రోజుల్లో, తిరిగి ఇచ్చే రోజుల్లో, సాయుధ రిజర్వు బలగం ఆర్మరర్‌ను ఒక్క పూట కూర్చోబెట్టి, సైట్లు వదులయ్యాయా, స్క్రూలు తుప్పు పట్టాయా అని చూసి యజమానికి ఒక చీటీ రాయించి ఇచ్చినా చాలు. మరమ్మతు అక్కడ చేయనక్కరలేదు, ఏది చేయించుకోవాలో తెలిస్తే యజమాని సరైన చోటుకు వెళతాడు. నాలాంటి పూర్వ ఆర్మరర్లు మన జిల్లాల్లో ఉన్నారు. అనుమతి ఇచ్చి పిలిస్తే ఆ పూటకు వచ్చి, ఏ ప్రతిఫలమూ లేకుండా పక్కన కూర్చుని చూసి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
పూర్వ సైనికోద్యోగి,
ఒంగోలు, ప్రకాశం జిల్లా.